బంతి కంటే ముందే అక్కడ: కాల్ రిప్కెన్ 21 సీజన్లు ఎలా ఆడగలిగాడు

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు. రెండేళ్లుగా బేస్‌బాల్‌లో షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల నడుమ నిలబడే ఫీల్డర్) ఆడుతున్నాడు. ఈ ఏడాది ఒక్కసారిగా పొడవు పెరిగాడు. ఇంత పొడవైన పిల్లలు ఆ స్థానంలో నిలవరు, ఫస్ట్ బేస్‌కు మార్పించండి అని జట్టులో మరో పిల్లవాడి తండ్రి సలహా ఇచ్చారు. ఇక్కడ మేరీలాండ్‌లో అందరూ బాల్టిమోర్ ఓరియోల్స్ షార్ట్‌స్టాప్ కాల్ రిప్కెన్ పేరు చెబుతారు. అంత పొడగరి అన్నేళ్లు ఎలా ఆడగలిగాడు? వరుసగా 2,632 ఆటలు అంటే రోజూ హాజరు వేయించుకోవడమే కదా, అందులో గొప్ప ఏముంది? అబ్బాయికి కొత్త గ్లోవ్ ఏ కొలతలో కొనాలో కూడా చెప్పండి.

సమాధానం:

నమస్కారమండీ. నేను బాల్టిమోర్ దగ్గర ఉంటాను. పద్నాలుగేళ్లుగా వారాంతాల్లో పిల్లలకు ఇన్‌ఫీల్డ్, అంటే బేస్‌ల దగ్గర ఫీల్డింగ్ నేర్పుతున్నాను. మీ అబ్బాయి విషయం చివర చెబుతాను. ముందు ఆ హాజరు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే 1995లో నేను కూడా అచ్చంగా అదే మాట అన్నాను.

అప్పటికి ఈ దేశం వచ్చి ఏడాది. నలుగురు విద్యార్థులం ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నలుగురికీ క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. సెప్టెంబరు 6 రాత్రి టీవీలో బాల్టిమోర్ ఓరియోల్స్, కాలిఫోర్నియా ఏంజెల్స్ ఆట వస్తోంది. ఐదో ఇన్నింగ్స్ (బేస్‌బాల్ ఆటకు మామూలుగా తొమ్మిది ఉంటాయి) మొదటి సగం ముగిసింది, ఆట ఆగిపోయింది. మైదానం వెనక ఉన్న పాత రైల్వే గిడ్డంగి గోడ మీద పొడవాటి గుడ్డల మీద రాసిన అంకెలు వేలాడుతున్నాయి. వాటిలో ఒకటి మారి 2,130 కాస్తా 2,131 అయింది. జనం లేచి నిలబడ్డారు, ఇక కూర్చోలేదు. వాన లేదు, ఎవరికీ దెబ్బ తగలలేదు, కానీ 22 నిమిషాలు ఆట సాగలేదు. డగౌట్‌లోకి వెళ్లి కూర్చున్న రిప్కెన్‌ను సహచరులు రఫేల్ పాల్మీరో, బాబీ బొనియా బయటికి తోశారు. అతను మైదానం చుట్టూ నడుస్తూ గోడ పక్కన ఉన్నవాళ్లందరి చేతులూ అందుకున్నాడు. పైన గదిలో నిలబడ్డ తండ్రి వైపు తలెత్తి చూశాడు. మా నలుగురికీ ఏమీ అర్థం కాలేదు. సెలవు పెట్టకుండా పనికి వచ్చినందుకు ఇంత సన్మానమా అన్నాను నేను.

ఆ మాట ఎంత తప్పో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాక గానీ తెలియలేదు.

ఆ రాత్రి అంత ఉద్వేగం ఎందుకో రెండు మాటల్లో. 1994 ఆగస్టు 12న ఆటగాళ్లు సమ్మెకు దిగారు, ఆ ఏడాది వరల్డ్ సిరీస్, అంటే సీజన్ చివరి ఫైనల్ పోటీ, రద్దయింది. జనానికి ఆట మీదే విరక్తి పుట్టింది. లూ గెరిగ్ 1925 నుంచి 1939 దాకా వరుసగా 2,130 ఆటలు ఆడి, తర్వాత తన పేరుతోనే పిలిచే నరాల జబ్బుతో ఆగిపోయాడు. 56 ఏళ్లుగా ఆ లెక్కను ఎవరూ అందుకోలేదు. ఆ అంకెను దాటినవాడు పక్క ఊరు అబర్‌డీన్‌లో పెరిగిన కుర్రవాడు. అతను ఎప్పుడూ వేరే జట్టుకు వెళ్లలేదు.

గెరిగ్ ఫస్ట్ బేస్ ఆటగాడు. అది తక్కువ పని కాదు, కానీ అక్కడ పరుగు తక్కువ, ఎక్కువగా ఇతరులు విసిరిన బంతిని అందుకోవడం. 1934లో ఒకసారి నడుము పట్టేసినప్పుడు వరుస తెగకుండా గెరిగ్ పేరును జాబితాలో మొదట, అదీ షార్ట్‌స్టాప్‌గా రాశారు. ఒకసారి బ్యాట్ పట్టి హిట్ (బేస్ చేరే దెబ్బ) కొట్టి తప్పుకున్నాడు. ఆయన్ని చిన్నబుచ్చడానికి ఇది చెప్పడం లేదు. రిప్కెన్‌కు ఆ వెసులుబాటు లేని తీరు చూడండి. 1982 జూన్ 5 నుంచి 1987 సెప్టెంబరు 14 దాకా ప్రతి ఆటా ఆడటమే కాదు, ఒక్క ఇన్నింగ్స్ కూడా బయట కూర్చోలేదు. వరుసగా 8,243 ఇన్నింగ్స్. జట్టు పది పరుగులు వెనకబడినా, ఎండ మండుతున్నా, మరునాడు పగలే ఇంకో ఆట ఉన్నా మైదానంలోనే ఉన్నాడు. నాకు 2,632 కంటే ఈ అంకే పెద్దది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఆ వరుసను ఆపింది తండ్రే. అప్పుడు ఆయన జట్టు మేనేజర్, అంటే మన క్రికెట్ భాషలో ప్రధాన కోచ్. టొరంటోలో ప్రత్యర్థి 10 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి 18-3తో గెలిచిన ఆటలో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కొడుకును పిలిచి కూర్చోబెట్టాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎలా ఆడగలిగాడు?

షార్ట్‌స్టాప్ సెకండ్ బేస్‌కు, థర్డ్ బేస్‌కు నడుమ నిలబడతాడు. బ్యాటర్లలో ఎక్కువమంది కుడిచేతివాళ్లు కాబట్టి నేల మీద దొర్లే బంతులు అటే ఎక్కువ వస్తాయి. బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులు. కుడిచేతి బ్యాటర్ బంతి కొట్టి ఫస్ట్ బేస్ చేరడానికి దాదాపు 4.3 సెకన్లు చాలు. ఆలోపు షార్ట్‌స్టాప్ బంతిని చేరుకోవాలి, అందుకోవాలి, గ్లోవ్‌లోంచి తీయాలి, కాళ్లు తిప్పుకోవాలి, అడ్డంగా మైదానం దాటించి విసరాలి. బంతి ఒక్కసారి చేతిలో తడబడితే ఔట్ పోయినట్టే. పైగా సీజన్‌కు 162 ఆటలు, ఆరు నెలల్లో. వారానికి ఆరు రోజులు, ఒక్కోసారి ఏడు.

అందుకే ఆ రోజుల్లో ఆ చోటుకు పొట్టిగా, సన్నగా, చురుగ్గా ఉండేవాళ్లనే ఎంచేవారు. ఓరియోల్స్ పాత షార్ట్‌స్టాప్ మార్క్ బెలాంజర్ పొట్టివాడు కాకపోయినా బాగా సన్నం. గాలికి ఊగే మొక్కలా ఉండేవాడు, బ్యాటుతో ఎక్కువ కొట్టేవాడు కాదు, గ్లోవ్‌తో జట్టును నిలిపేవాడు. రిప్కెన్ 6 అడుగుల 4 అంగుళాలు. బరువు 200 పౌండ్ల పైనే. 1982 జులై 1న మేనేజర్ ఎర్ల్ వీవర్ అతన్ని థర్డ్ బేస్ నుంచి షార్ట్‌స్టాప్‌కు జరిపినప్పుడు ఇది నాలుగు రోజుల ముచ్చట అనుకున్నవాళ్లే ఎక్కువ. అక్కడ అతను 2,302 ఆటలు ఆడాడు.

ఎలాగంటే, అతను పరుగెత్తి బంతిని పట్టే రకం కాదు. బంతి రాబోయే చోట ముందే నిలబడే రకం.

మనలో చాలామందికి గొప్ప ఫీల్డింగ్ అనగానే జాంటీ రోడ్స్ గుర్తుకొస్తాడు. గాల్లోకి ఎగరడం, వికెట్ల మీదికి దూకడం. బేస్‌బాల్‌లో ఆ కోవకు చెందినవాడు సెయింట్ లూయిస్ షార్ట్‌స్టాప్ ఓజీ స్మిత్. 13 గోల్డ్ గ్లోవ్‌లు (ఆ చోటులో ఉత్తమ ఫీల్డర్‌కు ఇచ్చే బహుమతి) గెలిచాడు, ఆటకు ముందు పల్టీలు కొట్టేవాడు, చూడ్డానికి పండగ. పిల్లలందరికీ ఓజీ కావాలని ఉంటుంది. రిప్కెన్ ఆట రికార్డింగులు పెడితే మా పిల్లలు పది నిమిషాల్లో ఆవులిస్తారు. ఎందుకంటే అతను దూకడు. బంతి నేరుగా అతని ఛాతీ ముందుకే వస్తుంది, పట్టుకుంటాడు, విసురుతాడు. సులువైన బంతి వచ్చిందిలే అంటారు పిల్లలు. అప్పుడు నేను రికార్డింగును వెనక్కి తిప్పి, బంతి వేయకముందు అతను ఎక్కడున్నాడో చూడమంటాను. రెండు అడుగులు ఎడమకు జరిగి ఉంటాడు. లేదా వెనక్కి, అవుట్‌ఫీల్డ్ గడ్డి అంచుదాకా పోయి ఉంటాడు. వాళ్ల ముఖాలు మారే ఆ క్షణం కోసమే నేను శనివారం పొద్దున్నే లేస్తాను.

దీని వెనక ఉన్న లెక్క చెబుతాను, ఇది మీ అబ్బాయికి పనికొస్తుంది. షార్ట్‌స్టాప్‌కు క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) వేళ్లతో చేసే సైగలు కనిపిస్తాయి. పిచర్, అంటే బంతి వేసేవాడు, ఏ బంతి వేయబోతున్నాడో ముందే తెలుస్తుంది. నెమ్మదైన బంతి అయితే కుడిచేతి బ్యాటర్ ముందుగా ఊపి తన ఎడమవైపుకు, అంటే థర్డ్ బేస్ వైపుకు లాగే అవకాశం ఎక్కువ. వేగవంతమైన బంతి బయటి అంచున పడితే ఆలస్యమై కుడివైపుకు పోతుంది. దీనికి తోడు ఆ బ్యాటర్ ఇంతకుముందు ఎటు కొట్టాడో గుర్తుండాలి, మన పిచర్ ఈ రోజు అలసిపోయాడో లేదో తెలియాలి, మైదానంలో గడ్డి ఎంత కత్తిరించారో చూసుకోవాలి. ఇవన్నీ కలిపి, పిచర్ చెయ్యి కదిలే క్షణంలో ఒక అడుగు. ముందే జరిగితే బ్యాటర్ పసిగడతాడు. ఆలస్యమైతే ఫలితం లేదు. రిప్కెన్ ఈ లెక్కను ప్రతి బంతికీ వేసేవాడు. పేరుకు ఒక రోజు ఆట, కానీ వంద పైచిలుకు బంతులు, వంద లెక్కలు.

రెండోది చెయ్యి. బడిలో అతను పిచర్ కూడా. 1978లో ఓరియోల్స్ రెండో రౌండులో ఎంచుకున్నప్పుడు చాలామంది అతన్ని పిచర్‌గానే చూశారు. ఆ చేతి బలంతో షార్ట్‌స్టాప్‌లో అందరికంటే లోతుగా నిలబడగలిగాడు. లోతుగా నిలబడితే బంతి చేరడానికి కొద్ది సమయం ఎక్కువ పడుతుంది, ఆ సమయంలో పక్కకు ఇంకో రెండు అడుగులు వేయొచ్చు. చిన్న చెయ్యి ఉన్నవాడు అంత దూరం నుంచి విసిరి ఔట్ చేయలేడు. కాళ్లలో తక్కువైన వేగాన్ని చేతిలోంచి తెచ్చుకున్నాడు. మీకు సలహా ఇచ్చిన ఆ తండ్రి చూడనిది ఇదే. పొడవుతో పాటు పొడవాటి చెయ్యి కూడా వస్తుంది.

ఫలితం 1984లో కనిపించింది. ఆ ఏడాది అతని చేతి మీదుగా 583 అసిస్టులు, అంటే బంతిని పట్టి విసిరి ఔట్ చేయించిన సందర్భాలు. అమెరికన్ లీగ్ షార్ట్‌స్టాప్‌లలో అప్పటిదాకా అంత ఎవరికీ లేవు. 1990లో 161 ఆటల్లో 3 తప్పులు మాత్రమే చేశాడు, మధ్యలో 95 ఆటలు వరుసగా ఒక్క తప్పూ లేదు. ఆ ఏడాది గోల్డ్ గ్లోవ్ అతనికి ఇవ్వలేదు, చికాగో షార్ట్‌స్టాప్ ఓజీ గియెన్‌కు ఇచ్చారు. గియెన్ మంచి ఆటగాడే. అయినా అది అన్యాయమని ఈ రోజుకీ అంటాను. ఎగిరి పట్టినవాడు కంటికి కనిపిస్తాడు, ఎగరాల్సిన అవసరం లేకుండా చేసుకున్నవాడు కనిపించడు.

ఈ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందంటే ఇంటి నుంచి. తండ్రి, ఆయన పేరూ కాల్ రిప్కెనే, ఓరియోల్స్ కింది జట్లలో క్యాచర్‌గా మొదలై, మేనేజరుగా, కోచ్‌గా ఆ సంస్థలోనే 36 ఏళ్లు గడిపాడు. చిన్న చిన్న ఊళ్ల మైదానాల్లో కుర్రాళ్లకు బంతి ఎలా పట్టాలో నేర్పడమే ఆయన జీవితం. కొడుకు బాల్యం ఆ మైదానాల్లోనే గడిచింది. తండ్రి వెంట పోయి ఆటగాళ్లను పట్టుకుని ప్రశ్నలు అడిగేవాడు. తప్పుగా వందసార్లు చేస్తే తప్పే అలవాటవుతుంది, సరిగ్గా చేసినదే సాధన అన్నది ఆ తండ్రి పాఠం. మన సంగీతం మాస్టార్లు సరళీ స్వరాల దగ్గర చెప్పేదీ ఇదే.

అయితే ఇదంతా విని పుట్టుకతోనే గొప్పవాడు అనుకోకండి. 1981 ఆగస్టు 10న పై స్థాయిలో అడుగుపెట్టింది ఇంకొకరి బదులు పరుగెత్తడానికి. ఆ ఏడాది 39 సార్లు బ్యాట్ పట్టి 5 హిట్లు కొట్టాడు. 1982 తొలి రోజు హోమ్ రన్ కొట్టాడు, ఆ తర్వాత కొన్ని వారాలు బంతి బ్యాటుకు తగలనే లేదు. అతనికి చోటు ఇవ్వడానికి జట్టు డగ్ డిసిన్సెస్ లాంటి అనుభవజ్ఞుణ్ణి వదులుకుంది, కాబట్టి ప్రతి సున్నా బరువుగానే ఉండేది. వీవర్ ఓపిక పట్టాడు. అదే ఏడాది మే 30న 2,632 ఆటల వరుస మొదలైంది. సీజన్ చివరికి 28 హోమ్ రన్లు, లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి. మరుసటి ఏడాది 211 హిట్లు, అత్యంత విలువైన ఆటగాడి బహుమతి, వరల్డ్ సిరీస్ విజయం. ఆ సిరీస్‌లో ఫిలడెల్ఫియా చివరి ఔట్ బంతి గాల్లో వచ్చి పడింది అతని గ్లోవ్‌లోనే.

దానికి ముందు కింది స్థాయిలో ఉన్నప్పటి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 1981 ఏప్రిల్‌లో పాటకెట్‌లో రోచెస్టర్ అనే కింది జట్టు తరఫున అతను ఆడిన ఒక ఆట 33 ఇన్నింగ్స్ సాగింది. వృత్తి బేస్‌బాల్‌లో అంత పొడవైనది మరొకటి లేదు. చలిలో తెల్లవారుజాము దాకా ఆడి, తేలక ఆపి, జూన్ 23న పూర్తి చేశారు. మొత్తం 8 గంటల 25 నిమిషాలు. రిప్కెన్ 13 సార్లు బ్యాట్ పట్టి 2 హిట్లు కొట్టాడు. ప్రత్యర్థి థర్డ్ బేస్‌లో వేడ్ బాగ్స్ ఉన్నాడు. ఇద్దరూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు, అంటే ఆటలో మహామహుల గౌరవ జాబితాకు చేరారు.

ఇక ఇనుప మనిషి అన్న బిరుదు గురించి. నాకు ఆ మాట నచ్చదు, ఎందుకంటే అతనికీ దెబ్బలు తగిలాయి. 1985 ఏప్రిల్‌లో సెకండ్ బేస్ దగ్గర బూటు ఇరుక్కుని చీలమండ మెలిపడి వాచిపోయింది. మరునాడు లీగ్ ఆట లేదు. అనాపొలిస్‌లో నేవల్ అకాడమీతో ప్రదర్శన ఆట మాత్రమే ఉంది. దానికి వెళ్లలేదు, ఆ తర్వాతి ఆటకు కట్టు కట్టుకుని దిగాడు. ఆ ఖాళీ రోజు లేకపోతే 2,131 ఉండేది కాదేమో. 1993 జూన్‌లో సియాటిల్‌తో ఆటలో రెండు జట్లూ కలబడినప్పుడు మోకాలు మెలితిరిగింది, మరునాటి ఉదయం కాలు కింద పెట్టలేకపోయాడు, సాయంత్రానికి ఆడాడు. 1996 ఆల్‌స్టార్ ఆటకు (లీగ్‌లలో మేటి ఆటగాళ్లు ఆడేది) ముందు అందరూ కలిసి ఫొటో దిగుతుంటే పక్కనున్న పిచర్ మోచెయ్యి పొరపాటున తగిలి ముక్కు విరిగింది. ఆ రోజూ ఆడాడు. 1997లో వెన్నులో డిస్కు జారింది. కూర్చోవడమే కష్టమైన స్థితిలో సీజన్ పూర్తి చేశాడు. అదృష్టం లేదని ఎవరూ అనలేరు. కానీ ఎదురుగా దూసుకొచ్చే పరుగుగాడి దారి ముందే ఊహించి తప్పుకోవడం, దూకాల్సిన అవసరం లేని చోట నిలబడటం, ఈ రెండూ దెబ్బలను తగ్గించాయని నా నమ్మకం. శీతాకాలమంతా ఇంట్లో కట్టించుకున్న కోర్టులో బాస్కెట్‌బాల్ ఆడేవాడు. కాళ్లు బిగుసుకుపోకుండా కాపాడింది అదే.

విమర్శలూ తక్కువేం కాదు. బ్యాటింగ్ సగటు 1988లో .264, 1989లో .257, 1990లో .250. అంటే వెయ్యి సార్లకు 250 హిట్లు. అతను అలసిపోయాడు, రికార్డు కోసం జట్టును బలి పెడుతున్నాడు, రెండు రోజులు కూర్చోమనండి అని పత్రికలు రాశాయి. ఈ వాదనలో సత్యం లేదని నేను అనను. నడుమ నడుమ విశ్రాంతి దొరికితే బ్యాటుతో ఇంకాస్త కొట్టేవాడేమో. కానీ అతని బదులు దిగేవాడు ఆ గ్లోవ్‌నూ ఆ లెక్కనూ తేగలడా అన్నది మేనేజర్లు ప్రతి రోజూ వేసుకున్న ప్రశ్న, ప్రతి రోజూ జవాబు ఒకటే వచ్చింది. అతను ఆడతానని పట్టుబట్టి ఆడలేదు, పేరు రాసింది వాళ్లు. 1991లో సగటు .323, హోమ్ రన్లు 34, మళ్లీ అత్యంత విలువైన ఆటగాడి బహుమతి, అదీ 95 ఆటలు ఓడిన జట్టులో ఉండి. ఆ ఏడాది ఇచ్చిన గోల్డ్ గ్లోవ్ కూడా అతనిదే.

బ్యాట్ పట్టి నిలబడే తీరును అతను మార్చినన్ని సార్లు మార్చినవాళ్లు అరుదు. బ్యాటు భుజం మీద, తల పైన, నేలకు సమాంతరంగా, మోకాళ్లు వంచి, నిటారుగా. స్థిరత్వం లేదని ఎగతాళి చేసేవారు. నాకు ఇందులోనే దీర్ఘాయువు రహస్యం కనిపిస్తుంది. ముప్పై ఏళ్ల శరీరం ఇరవై ఏళ్ల శరీరంలా కదలదు. అది ఒప్పుకున్నవాడు ప్రతి ఏడాదీ కొత్తగా నేర్చుకుంటాడు. ఒప్పుకోనివాడు నిరుటి ఫొటోను పట్టుకుని వేలాడతాడు.

1988 గురించి ఒక్క మాట. జట్టు తొలి ఆరు ఆటలు ఓడగానే అతని తండ్రిని మేనేజర్ పదవి నుంచి తీసేశారు. ఓటములు అక్కడితో ఆగలేదు, వరుసగా 21 దాకా పోయాయి. అప్పటికి తమ్ముడు బిల్లీ కూడా అదే జట్టులో సెకండ్ బేస్ ఆడుతున్నాడు. 1987లో ఒక తండ్రి ఇద్దరు కొడుకులను ఒకేసారి ఒకే పెద్ద జట్టులో నడిపించడం ఆటలో మొదటిసారి. తండ్రిని పంపేశాక బిల్లీ ఆయన వేసుకున్న 7వ నంబరు చొక్కా తీసుకున్నాడు. పెద్దవాడు ఆ కోపంతో వేరే జట్టుకు పోవచ్చు, పోలేదు, ఆ వేసవిలోనే మళ్లీ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. మరుసటి ఏడాది తండ్రి కూడా కోచ్‌గా తిరిగొచ్చాడు. ఏ ఇంట్లో అయినా ఇది మింగడానికి కష్టమైన ముద్ద.

గెరిగ్‌ను దాటాక మరో అంకె మిగిలింది. జపాన్‌లో హిరోషిమా కార్ప్ జట్టుకు ఆడిన సచియో కినుగాసా 1970 నుంచి 1987 దాకా వరుసగా 2,215 ఆటలు ఆడాడు. ఆయనా ఇన్‌ఫీల్డరే. 1979లో బంతి తగిలి భుజం ఎముక విరిగినా మరునాడు బ్యాట్ పట్టాడు. 1996 జూన్ 14న కాన్సస్ సిటీలో రిప్కెన్ ఆ రికార్డు దాటుతుంటే, కినుగాసా అంత దూరం నుంచి వచ్చి స్టేడియంలో కూర్చుని చూశాడు. ఓడిపోయిన రికార్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టగలగడం చిన్న విషయం కాదు.

ఆ వేసవిలోనే, జులైలో, రిప్కెన్‌ను ఆరు ఆటల పాటు థర్డ్ బేస్‌కు జరిపి మళ్లీ వెనక్కి తెచ్చారు. 1997లో షార్ట్‌స్టాప్‌గా మైక్ బోర్డిక్ రావడంతో పూర్తిగా జరిగాడు. 36 ఏళ్ల వయసులో, పదిహేనేళ్లు తనదైన చోటు వదలడం. అక్కడ బంతి వచ్చే వేగం వేరు, ఆలోచించే సమయం ఉండదు, క్యాచర్ సైగలు కనిపించవు. ఇన్నేళ్లు తల నడిపించిన ఆటను ఇప్పుడు చేతుల మీద నమ్మకంతో ఆడాలి. మళ్లీ విద్యార్థి అయ్యాడు, మొదటి ఏళ్లవి కూడా కలిపితే 675 ఆటలు అక్కడ ఆడాడు. పేరున్న మరో ఇద్దరు షార్ట్‌స్టాప్‌లను చూడండి. డెరెక్ జీటర్ చివరిదాకా ఆ చోటు వదల్లేదు. ఒమర్ విజ్‌కెల్ 45 ఏళ్ల దాకా ఆడాడు, కానీ చివరి ఏళ్లలో పిలిచిన చోటల్లా నిలబడ్డాడు. ఇన్‌ఫీల్డర్‌కు ఆయుష్షు కావాలంటే జరగడం తెలిసి ఉండాలి. అడిగినప్పుడు జరిగినవాడి కంటే, జరగాల్సిన వేళ గుర్తించినవాడు ఇంకా ఎక్కువ నిలుస్తాడు.

ఆపడం కూడా అతనే చేశాడు. 1998 సెప్టెంబరు 20, ఆ సీజన్‌లో బాల్టిమోర్‌లో చివరి ఆట, ఎదుట న్యూయార్క్ యాంకీస్. ఆట మొదలయ్యే ముందు మేనేజర్ రే మిల్లర్ గదికి వెళ్లి ఈ రోజు నేను కూర్చుంటానన్నాడు. రయన్ మైనర్ అనే కొత్త కుర్రవాడు థర్డ్ బేస్‌లోకి నడిచాడు. విషయం అర్థమయ్యాక మొదటి ఔట్ తర్వాత యాంకీస్ ఆటగాళ్లు డగౌట్ మెట్ల మీదికి వచ్చి చప్పట్లు కొట్టారు. ముందు ప్రకటన లేదు, టికెట్ల అమ్మకం లేదు. వరుస 2,632 దగ్గర ఆగింది. హాజరు కోసమే ఆడినవాడైతే ఇంకో వారం లాగి సీజన్ పూర్తి చేసేవాడు కాదా?

తర్వాతి మూడేళ్లు గబగబా చెబుతాను. 1999 మార్చిలో తండ్రి పోయాడు. ఆ ఏడాదే మొదటిసారి గాయపడినవాళ్ల జాబితాలోకి ఎక్కాడు, 86 ఆటలే ఆడగలిగాడు, కానీ ఆ ఆటల్లో సగటు .340. 2000 ఏప్రిల్ 15న మినియాపొలిస్‌లో 3,000వ హిట్. 2001 ఆల్‌స్టార్ ఆటలో షార్ట్‌స్టాప్‌గా ఎన్నికైన అలెక్స్ రోడ్రిగెజ్ అతన్ని బలవంతంగా తన చోటుకు పంపి తాను థర్డ్ బేస్‌కు జరిగాడు. పాత చోట ఒక ఇన్నింగ్స్ నిలబడి, బ్యాట్ పట్టగానే వచ్చిన మొదటి బంతినే హోమ్ రన్ కొట్టాడు. అక్టోబరు 6న చివరి ఆట ముగిసేసరికి తన వంతు కోసం బ్యాటు పట్టుకుని ఎదురుచూస్తూ ఉన్నాడు. ముందున్న బ్రేడీ ఆండర్సన్ ఔటయ్యాడు. మొత్తం 3,001 ఆటలు, 3,184 హిట్లు, 431 హోమ్ రన్లు. వాటిలో 345 షార్ట్‌స్టాప్‌గా ఉండి కొట్టినవి.

ఇప్పుడు మీ అబ్బాయి. 12 ఏళ్లకు ఎవరి స్థానమూ ఖరారు కాదు, పొడవు చూసి అసలే కాదు. ఒక్కసారిగా ఎదిగిన ఏడాది కాళ్లూ చేతులూ మాట వినవు, అది అందరికీ ఉంటుంది. తప్పులు పెరుగుతాయి, తర్వాత సర్దుకుంటాయి. ఆ ఏడాదిలోనే పిల్లలను ఆ చోటు నుంచి తప్పించడం మేము చేసే పెద్ద పొరపాటు. నేనూ ఒకసారి చేశాను, ఆ పిల్లవాడు మరుసటి వేసవికి మైదానానికే రాలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు. కోచ్‌ను ఒక్కటే అడగండి: మా వాడు ప్రతి బంతికీ ముందు కదులుతున్నాడా, నిద్రపోతున్నాడా? కదులుతుంటే ఉంచమనండి. రోజుకు పదిహేను నిమిషాలు గోడకు బంతి కొట్టి రెండు చేతులతో పట్టడం, పాదాలు ఫస్ట్ బేస్ వైపు తిప్పుకోవడం చాలు. వారానికి ఒక రోజు థర్డ్ బేస్‌లోనూ సెకండ్ బేస్‌లోనూ నిలబడనివ్వండి.

ఒక్క విషయంలో మాత్రం రిప్కెన్‌ను ఆదర్శంగా చూపకండి. నొప్పితో ఆడటం. అతను ఎదిగిన మనిషి, పక్కన వైద్యులు ఉన్నారు. మీ వాడి ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉండి పెరుగుతున్నాయి. మోచెయ్యి, భుజం, మడమ నొప్పి అంటే ఆ రోజు ఆట ఆగిపోవాలి, తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించాలి. శీతాకాలంలో బేస్‌బాల్ పక్కన పెట్టి బాస్కెట్‌బాలో సాకరో ఆడనివ్వండి. రిప్కెన్ బడిలో సాకర్ కూడా ఆడాడు.

గ్లోవ్ విషయానికొస్తే, షార్ట్‌స్టాప్‌కు 11.25 నుంచి 11.5 అంగుళాల మధ్య తీసుకోండి. పెరుగుతున్నాడు కదా అని 12 కొనకండి. లోతు ఎక్కువైతే బంతి అడుగున చిక్కుకుని తీయడానికి ఆలస్యమవుతుంది, అక్కడే ఔట్ పోతుంది. దుకాణంలో తోలు కొత్త వాసనకు మురిసిపోకుండా, అబ్బాయిని ఒక్క చేత్తో మూయమనండి. మూయలేకపోతే ఆ గ్లోవ్ వద్దు. కొన్నాక ఓవెన్‌లో పెట్టడం, నూనెలో ముంచడం లాంటివి చేయొద్దు, తోలు పాడవుతుంది. నడుమ బంతి పెట్టి రబ్బరు పట్టీతో కట్టి రాత్రిళ్లు ఉంచండి, పగలు మీరే అతనితో బంతి విసిరి ఆడండి. మూడు వారాల్లో చేతికి పట్టు దొరుకుతుంది.

మీ వాడి ఆట వీడియో ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టండి. బంతి తగిలిన క్షణం కాదు, అంతకు ముందు రెండు సెకన్లు కనిపించేలా తీయండి. పాదాలు చూసి చెబుతాను.